పరీక్ష అయ్యేదాకా చెప్పొద్దన్నారు

నేను డాక్టర్ని కాలేదు. ప్రయత్నం తక్కువై మాత్రం కాదు.

నేను ఇంటర్ బైపీసీ చదివిన రోజుల్లో మెడికల్ సీటంటే ఒక్క పరీక్షతో తేలే వ్యవహారం కాదు. రాష్ట్రానికి ఎంసెట్. దేశం మొత్తానికి ఇంకొకటి. అవి కాక పేరున్న ప్రతి కాలేజీకీ దాని పరీక్ష దానిదే, దాని తేదీ దానిదే, దాని పేచీలు దానివే. జగ్గయ్యపేట దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్ళని మా నాన్న ఆ వేసవిలో నన్ను వెంటేసుకుని దక్షిణాది సగం తిరిగాడు. ఎంసెట్‌కి విజయవాడ. అది అయ్యీ అవగానే వేలూరు. అది మిషన్ కాలేజీ, మేము క్రైస్తవులం కాబట్టి వేలూరు మీద నాన్నకి ఆశ కొంచెం ఎక్కువ. అక్కణ్ణుంచి వచ్చి ఉతికిన బట్టలు ఆరకముందే హైదరాబాదు. ఆ తర్వాత పాండిచ్చేరి వెళ్ళాలి.

నాన్న వత్సవాయి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో హెడ్మాస్టరు. వేసవి సెలవులు కాబట్టి సరిపోయింది. ఒక చేతిలో స్టీలు క్యారేజీ, ఇంకో చేతిలో చుట్టిన దుప్పటి, భుజాన నా పుస్తకాల సంచి. రైల్లో నాకు కిటికీ పక్కన చోటు చూసి, తను తలుపు దగ్గర దుప్పటి మీద కూర్చునేవాడు. నేను పరీక్ష రాసినంతసేపూ భాష తెలియని ఊళ్ళో ఏదో ఒక గోడ నీడన నిలబడి ఉండేవాడు. బయటికి రాగానే ఎలా రాశావని ఎప్పుడూ అడగలేదు. "ఆకలేస్తుందా?" అనే అడిగేవాడు. రాసింది ఎలాగూ నా మొహం మీద కనపడేది.

ఆ పరీక్షల మధ్యలోనే అమ్మ పోయింది. కామెర్లు అన్నారు, తగ్గిపోతుందన్నారు, తగ్గలేదు. నేనప్పుడు గుంటూరులో కోచింగ్ హాస్టల్లో ఉన్నాను. అమ్మని బంధువులకి అప్పగించి నాన్న తనే బస్సెక్కి వచ్చాడు. వార్డెన్ గదిలో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా తనూ కూర్చుని, "పొద్దున అమ్మ చనిపోయిందమ్మా. ఇంటికెళ్దాం" అన్నాడు. ఒంట్లో బాగోలేదని చెప్పి బస్సెక్కించి, ఇంటి ముందు దించడం ఆయనకు చేతకాలేదు. గుంటూరు నుంచి జగ్గయ్యపేట దాకా ఆయన భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఇంటికి చేరేసరికి అమ్మ మొహం చూసే ధైర్యం నాలో కొంచెమైనా మిగిలి ఉందంటే ఆ ప్రయాణమే కారణం.

పాండిచ్చేరి పరీక్ష ఆ వారమే. సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక ఎప్పుడో గుర్తొచ్చింది. పరీక్ష పోయింది నాన్నా అన్నాను. "పోతే పోనీ. ఇంకోటి ఉందిగా" అన్నాడు. నిజంగానే ఉంది. అది కూడా రాశాను. సీటు ఎందులోనూ రాలేదు, ఆ సంగతి వేరు. కానీ అమ్మ కోసం ఏడవడానికి నాకు తీరిక దొరికింది. ఆ తీరిక ఎంత పెద్ద వరమో అప్పుడు నాకు తెలియలేదు.

బీయస్సీ చదివాను, బీఈడీ చేశాను, హైస్కూల్లో బయాలజీ చెప్పే టీచరయ్యాను. ఆర్టీసీలో కండక్టరుగా చేసే ఆయన్ని పెళ్ళి చేసుకున్నాను. నందిగామలో కాపురం. మాకు ఒక్కతే అమ్మాయి. నాన్న జగ్గయ్యపేటలోనే, మా మేనత్తతో కలిసి ఉండేవాడు. అన్నయ్య చాలా ఏళ్ళ కిందటే హైదరాబాదులో స్థిరపడ్డాడు.

దేశమంతటికీ ఒకటే మెడికల్ పరీక్ష అని కోర్టు తీర్పు వచ్చినప్పుడు మా అమ్మాయి అప్పుడే హైస్కూల్లో కొత్తగా చేరింది. పొద్దున్నే నాన్న ఫోను. పేపర్లో వార్త మొత్తం చదివి వినిపించాడు, నేను వద్దంటున్నా ఆగకుండా.

"ఇక ఆడపిల్లల తండ్రులు దుప్పట్లు మోసుకుని తిరిగే బాధ తప్పిందమ్మాయ్" అన్నాడు, ఆ తీర్పేదో తనే ఇచ్చినట్టు.

నాకో గుణముంది. ఎవరైనా మరీ సంబరపడిపోతుంటే చూస్తూ ఊరుకోలేను.

"ఆ ఒక్క రోజూ పిల్లకి జ్వరమొస్తే?" అన్నాను.

"రాదు."

"వస్తే నాన్నా?"

"నీకన్నీ పుల్లవిరుపే" అని ఫోను పెట్టేశాడు.

ఆయన సంబరంలో న్యాయం లేకపోలేదు. ఊళ్ళు తిరిగి పరీక్షలు రాయాలంటే తిరిగే తండ్రి ఉండాలి, సెలవులుండాలి, చేతిలో అంతో ఇంతో డబ్బు ఆడాలి. నేను పెనుగంచిప్రోలు బడిలో పనిచేసినప్పుడు మిరపకోతలకి వెళ్ళే వాళ్ళ పిల్లలు, నాకంటే తెలివైన వాళ్ళు, నా ముందు కూర్చునేవారు. వాళ్ళను వేలూరు ఎవరు తీసుకెళ్తారు? ఒకే పరీక్ష, విజయవాడలో సెంటరు, కావాలంటే తెలుగులోనే రాసుకోవచ్చు అంటే వాళ్ళకి మేలే కదా. అది నేను ఒప్పుకుంటాను. నాన్న దగ్గర మాత్రం ఒప్పుకోలేదు.

కానీ ఆ ఒక్కటి ఇంట్లోకి వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుందో మా అమ్మాయి ఇంటర్లో చేరాక తెలిసింది. టీవీ కట్టేశాం. చుట్టాలను రావొద్దన్నాం. పక్కింటి వాళ్ళ పెళ్ళికి నేను ఒక్కదాన్నే వెళ్ళి అక్షింతలు వేసి, అన్నం తినకుండా వచ్చేశాను. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన గేటు చప్పుడు కాకుండా పట్టుకుని తీసేవాడు. రెండేళ్ళ చదువూ మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నానికి తాకట్టు పెట్టినట్టుండేది. ఆ మధ్యాహ్నం మీద కోపం వచ్చేది నాకు. మా ఆయన దాని పేరే ఎత్తేవాడు కాదు.

ఆ రెండేళ్ళూ పిల్ల నవ్వింది మా నాన్నతో మాట్లాడినప్పుడే. సాయంత్రం ఫోను చేసి ఒక బిట్టు అడిగేవాడు. చదివింది తెలుగు మీడియం, చెప్పింది ఒకటి నుంచి ఐదు తరగతులు. అయినా దాని పాత పుస్తకాలు తెప్పించుకుని, ఇంగ్లీషు పేర్లు కూడబలుక్కుని నేర్చుకున్నాడు. ఆయన పలికే మైటోకాండ్రియా వినడానికే అది ఫోను స్పీకర్లో పెట్టేది. తప్పు జవాబుకి మార్కులు కోస్తారన్న సంగతి తెలిశాక ఆయన ఒకటే పాట. తెలియని బిట్టు వదిలెయ్యి, గుడ్డిగా పెట్టొద్దు. మా కాలంలో ఎంసెట్‌కి ఆ కోత ఉండేది కాదు. ఖాళీ వదలడమే నేరం, చివర్లో కళ్ళు మూసుకుని అన్నీ నింపేసేవాళ్ళం. ఆ అలవాటు దానికి నా నుంచి వస్తుందని ఆయన భయం.

ఈ మధ్యలో ఆయన గుండె బలహీనపడింది. పెద్దదైపోయిందన్నారు విజయవాడ డాక్టర్లు. కాళ్ళు వాచేవి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. మందులు వాడుతూ ఉండటమే తప్ప చేసేదేమీ లేదని చెప్పి పంపేశారు. ఆయన మా మేనత్తని పిలిచి గట్టిగా చెప్పాడట. "పరీక్షలోపు నాకేమన్నా అయితే పిల్లకి చెప్పమాకండి. అయ్యేదాకా చెప్పమాకండి" అని. అత్త అది నాకు చెప్పింది. నేను మా ఆయనకి చెప్పాను. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు, పిల్లకి తప్ప.

సరిగ్గా ఆ ఆదివారమే తెల్లవారుతుండగా అత్త ఫోను చేసింది.

"మీ నాన్నకి ఆయాసం ఎక్కువైందే. ఆర్ఎంపీ వచ్చి చూశాడు, పెద్ద డాక్టరుకీ ఫోన్ చేశాం. కదిలించొద్దన్నాడు. ఈ రోజు గడవడం కష్టం అన్నాడు. తెలివిలోనే ఉన్నాడు, మాట్లాడతన్నాడు. నువ్వు రా. పిల్లని మాత్రం తేవద్దంటన్నాడు."

నేను వంటింట్లో ఉన్నాను. పిల్ల లోపలి గదిలో చదువుకుంటోంది. వెనక తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళి అన్నయ్యకి ఫోను చేశాను.

"అన్నయ్యా, నాన్నకి అస్సలు బాగోలేదు. ఆయాసం. బతికే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. వెంటనే బయలుదేరు."

"సరేలే చెల్లెమ్మా. నాకర్థమైంది. నువ్వు ధైర్యంగా ఉండు" అన్నాడు. "పిల్లకి చెప్పమాకు. పేట తీసుకెళ్ళమాకు. దాన్ని పరీక్ష రాయనీ. అంతా అయ్యాక చూసుకుందాం."

మా ఆయనదీ అదే మాట. తను పిల్లని విజయవాడ తీసుకెళ్తాడు, నేను బడిలో పనుందని చెప్పి పేట వెళ్ళాలి. ఆదివారం నాడు బడిలో పనేంటని అడిగితే ఏం చెప్పాలో ఆయన ఆలోచించలేదు. మంచి మనిషి, అబద్ధం అల్లడం రాదు. "దాని రెండేళ్ళ కష్టం పోద్దే" అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు.

కిరాయి కారు పొద్దెక్కాక రావాలని ముందే మాట్లాడుకున్నాం. మేముండేది హైవే పక్క వీధి. అటు తిరిగితే విజయవాడ, ఇటు తిరిగితే జగ్గయ్యపేట. పేట వెళ్ళి, నాన్నని చూసి, మళ్ళీ బయలుదేరినా గేటు మూసేలోపు సెంటరుకి చేరొచ్చు. టైము చాలుతుంది. తట్టుకుంటుందో లేదో తెలియనిది పిల్ల మనసే.

పెరట్లో గట్టు మీద కూర్చున్నాను. నాకప్పుడు గుంటూరు హాస్టల్లో వార్డెన్ గదే గుర్తొస్తోంది. నాకు నిజం చెప్పడానికి నాన్న ఎందుకు భయపడలేదు? నా పరీక్ష అంటే ఆయనకి తక్కువా? దుప్పటి మోసుకుని ఊళ్ళు తిరిగిన మనిషి. భయపడలేదు, ఎందుకంటే నాకు ఇంకో పరీక్ష ఉంది. ఇప్పుడు అదే మనిషి తన మనవరాలికి చెప్పొద్దంటున్నాడు, ఎందుకంటే దానికి ఇంకోటి లేదు. ఆ ఒక్కటి మా అందరి నోళ్ళూ కట్టేసింది. అబద్ధమంటే గిట్టని మనిషి చేత కూడా అబద్ధం ఆడిస్తోంది. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. నాన్న మీద, అన్నయ్య మీద, ఈ పరీక్ష పెట్టినవాళ్ళ మీద, పొద్దున్నే చల్లగా పువ్వులు పూసి ఉన్న పెరటి మీద కూడా.

లోపలికి వెళ్ళి దాని ఎదురుగా కూర్చున్నాను.

"తాతయ్యకి బాగోలేదు. ఇవాళ గడవదంటున్నారు. ఇప్పుడెళ్తే చూడొచ్చు. చూసి అటునుంచి పరీక్షకి వెళ్ళొచ్చు. వెళ్ళనంటే అదీ నీ ఇష్టం. తాతయ్య నీకు చెప్పొద్దన్నాడు. నేనే చెప్తున్నా."

అది పెన్ను మూత పెట్టింది. నా మొహంలోకి చూసింది.

"నిజంగా బతికే ఉన్నాడా అమ్మా?"

"ఉన్నాడు."

"అయితే పద."

మా ఆయన ఫోను చేసి కారుని ముందే రప్పించాడు. కారులో ముందు సీట్లో కూర్చుని దారి వంక చూస్తూ ఉండిపోయాడు. మాకు ఎదురుగా విజయవాడ వైపు కార్లు వరసగా వస్తున్నాయి. లోపల పిల్లలు, పక్కన తల్లిదండ్రులు, అందరూ అదే పరీక్షకి. ఒక్క మా కారే వెనక్కి పోతున్నట్టుంది. చిల్లకల్లు దగ్గర పేట రోడ్డుకి తిరిగేటప్పుడు పిల్ల నా చెయ్యి పట్టుకుంది. నేను చేసింది తప్పో ఒప్పో తెలియలేదు నాకు. అది ఇప్పుడే ఏడిస్తే బాగుండుననిపించింది. ఏడవలేదు.

నాన్న ముందు గదిలో మంచం మీద, నడుం వెనక దిళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు. మమ్మల్ని చూడగానే ఆయన మొహంలో మొదట సంతోషమే కనిపించింది, నేను చూశాను. ఆ వెంటనే కోపం.

"నీకు చెప్పానా లేదా?" అన్నాడు నాతో. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ.

మొహం గోడ వైపు తిప్పేసుకున్నాడు. పిల్ల మంచం చుట్టూ తిరిగి గోడకీ మంచానికీ మధ్య సందులో దూరి అటు నిలబడింది. ఆయన ఇటు తిప్పుకున్నాడు. అది మళ్ళీ ఇటు వచ్చింది. బాగున్నప్పుడైతే అందరం నవ్వేవాళ్ళం. ఇక తిరిగే ఓపిక లేక ఆయన అలాగే ఉండిపోయాడు. అది మంచం పట్టె మీద కూర్చుని ఆయన చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"హాల్ టికెట్టు ఏది?" అన్నాడు.

చూపించింది. కళ్ళజోడు పెట్టమన్నాడు. ఫోటో చూశాడు, సెంటరు పేరు చూశాడు, మా ఆయన్ని పిలిచి ఆ సెంటరు ఏ వీధిలోనో అడిగాడు. దాని చేతికి గడియారం లేదని చూసుకున్నాడు. చెవులకి ఏమీ లేవని చూసుకున్నాడు, ఉంటే లోపలికి రానివ్వరు.

"తెలీనిది వదిలెయ్."

"సరే తాతయ్యా."

"మీ అమ్మలా అన్నీ నింపమాకు."

"నింపను."

తర్వాత ప్రార్థన చెయ్యమన్నాడు. పరీక్షకని అనుకుని అది మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. "ప్రభువా, మా తాతయ్యకి ఊపిరి..." అని ఇక అనలేకపోయింది. నాన్నే "ఆమెన్" అన్నాడు. ఇంకో చెయ్యి ఎత్తి దాని తల మీద పెట్టాడు, ఆ చెయ్యి బరువు మొత్తం దాని మీదే ఉంది. చాలాసేపటికి తీసి, "ఇక ఎళ్ళు. టైమవుతుంది" అన్నాడు.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ నేనూ వస్తానన్నాను. "నువ్వు మీ నాన్న దగ్గరుండు" అంది పిల్ల. వాళ్ళ నాన్నతో మాత్రం, "నేను లోపలుండగా ఏమన్నా అయితే, బయటికి రాగానే చెప్పాలి నాన్నా. ఇంటికెళ్దాం పద అంటూ తీసుకురావొద్దు" అంది. ఆయన తలూపాడు. కారు సందు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాను.

నాన్న నాతో ఎక్కువ మాట్లాడలేదు. కోపం తగ్గిందో లేదో తెలియదు. నిమ్మరసం స్పూనుతో పడితే రెండుమూడు చుక్కలు మింగాడు. "మీ అన్నయ్య వస్తన్నాడా?" అని అడిగాడు. వస్తున్నాడన్నాను. మళ్ళీ కాసేపటికి అదే అడిగాడు. అన్నయ్యకి ఫోను చేస్తే ఎత్తలేదు. దారిలో ఉండి ఉంటాడని చెప్పాను. ప్రతిసారీ నాన్న కళ్ళు తలుపు వైపు వెళ్ళి వచ్చేవి. పిల్ల పరీక్ష మొదలయ్యే వేళకి ఊపిరి బాగా నెమ్మదించింది. నేను ఆయన పాదాలు పట్టుకుని కూర్చున్నాను. అత్త కీర్తన మొదలుపెట్టింది, చరణం పూర్తికాకముందే ఆపేసింది.

నాన్న లేకుండా నాకు అదే మొదటి మధ్యాహ్నం. ఎండ గుమ్మం దాకా వచ్చింది. ఫ్రీజరు పెట్టె తెచ్చారు, షామియానా వేశారు, పాస్టరుగారు వచ్చారు. నేను మాత్రం గడియారం చూస్తూ కూర్చున్నాను. పిల్ల ఏ హాల్లోనో వంచిన తల ఎత్తకుండా రాస్తూ ఉంటుంది. దానికి ఇప్పుడు తాత లేడు, ఆ సంగతి దానికి తెలియదు. ఆ కాసేపూ అది నేను దాచినట్టే అనిపించి నా మీద నాకే జాలేసింది.

మా ఆయన మాట తప్పలేదు. గేటు బయట అంతమంది తల్లిదండ్రుల మధ్యలో, కీ గురించి గోల గోలగా మాట్లాడుకుంటున్న పిల్లల మధ్యలో, దాన్ని పక్కకి తీసుకెళ్ళి చెప్పాడు. అది అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయిందట. ఎవరో పేపరు కష్టంగా వచ్చిందా అని అడిగి నీళ్ళ సీసా ఇచ్చారట. పరిటాలలో ఆ పెద్ద హనుమంతుడి విగ్రహం దాటాక, "కొన్ని బిట్లు వదిలేశా నాన్నా. తాతయ్య చెప్పినట్టే" అందట.

వాళ్ళు పేట చేరిన కాసేపటికే అన్నయ్య కారు వచ్చింది. వదిన, పిల్లలు, అందరూ తెల్లబట్టల్లో దిగారు. డిక్కీలోంచి నిలువెత్తు పూలదండ తీశారు. అత్త ఎదురెళ్ళి, "మధ్యాహ్నం దాకా నీకోసమే చూశాడురా" అని బావురుమంది. అన్నయ్య దండ పట్టుకుని షామియానా కింద అలాగే నిలబడిపోయాడు. ఎవరో వచ్చి ఆ దండ ఆయన చేతుల్లోంచి తీసుకున్నారు.

మర్నాడు నాన్నని అమ్మ పక్కనే ఉంచాం. అందరం తలా గుప్పెడు మన్ను వేశాం. పిల్ల తన వంతు వచ్చినప్పుడు వంగి, విసరకుండా, చెయ్యి లోపలికి చాపి వదిలింది.

ఆ తర్వాత వచ్చిన వాళ్ళందరూ ఓదార్చడం అయ్యాక ఒకటే మాట అడిగేవాళ్ళు, పిల్ల ఎలా రాసిందని. ఫలితాలొచ్చాయి. సీటొచ్చే ర్యాంకుకి కాస్త ఇవతల ఆగిపోయింది. మరీ దూరమైతే ఎవరూ ఏమీ అనకపోదురు. దగ్గరికొచ్చి ఆగింది కాబట్టి కారణం వెతికారు, కారణం నేనే. చర్చిలో ఆడవాళ్ళు మొహం మీద అనకపోయినా నాకు వినపడింది. మా ఆయన ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. నేను కూడా రోజూ నాలో నేను లెక్క వేసుకునేదాన్ని. ఆ పొద్దున నోరు మూసుకుని ఉంటే ఆ వదిలేసిన బిట్లలో కొన్నయినా దానికి తట్టేవేమో. తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

నాన్న సమాధి కట్టించడానికి అన్నయ్య మళ్ళీ వచ్చాడు. పేట ఇంట్లో అందరం భోజనాలకి కూర్చున్నాం. పప్పు వడ్డిస్తున్నాను. అన్నయ్య కంచంలోకే చూస్తూ అన్నాడు.

"ఆ రోజు చెప్పొద్దని నేను ముందే అన్నా. వింటే కదా. అమ్మాయి ఇప్పుడు కాలేజీలో చేరుతుండేది. ఉన్నది ఒక్క పరీక్ష."

నా చేతిలో గరిటె ఆగిపోయింది. మా ఆయన తల దించుకున్నాడు. పిల్ల మాత్రం మామయ్య వైపు తిరిగి, గొంతు పెంచకుండా అంది.

"పరీక్ష వచ్చే ఏడు మళ్ళీ ఉంటది మామయ్యా. రాస్తా. తాతయ్య ఉండడుగా."

అన్నయ్య ముద్ద కలపడం ఆపాడు. నాకు భయమేసింది, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పిందని కోప్పడతాడేమోనని. ఆయన ఎడమ చేత్తో కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"మా అమ్మ పోయినప్పుడు చిన్నాన్న నాకు ఆఫీసుకి ఫోన్ చేశాడమ్మా" అన్నాడు దానితో. "అమ్మకి కొంచెం నలతగా ఉంది, నిన్ను చూడాలంటంది, రా అన్నాడు. సరేనని బత్తాయిలు కొనుక్కుని బస్సెక్కా. జబ్బు మనిషి కదా, రసం తీసిద్దామని. బస్టాండు నుంచి నడిచొస్తంటే మనింటి ముందు జనం. ఆ బత్తాయిల సంచి చేత్తో పట్టుకునే లోపలికెళ్ళా."

ఈ సంగతి నాకు ఇన్నేళ్ళలో తెలియదు. ఆ రోజు నేను అమ్మ పక్కనే కూర్చుని ఉన్నాను. అన్నయ్య వచ్చినప్పుడు చేతిలో ఏముందో చూడలేదు.

"మనవాళ్ళు ఫోన్లో బాగోలేదు అంటే పోయారనే అర్థం అని ఆ రోజు నేర్చుకున్నా" అన్నాడు. "మీ అమ్మ ఫోన్ చేసి, నాన్న బతికే ఉన్నాడు, మాట్లాడతన్నాడు అంటే నేను నమ్మలా. పోయాడు, నాకు మెల్లిగా చెప్తంది అనుకున్నా. పోయినాయన కోసం పిల్ల పరీక్ష ఎందుకు చెడగొట్టడం అని చెప్పొద్దన్నా. ఇక నాకు మాత్రం తొందరేముంది?"

వదిన ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఆగలేదు.

"పిల్లల్ని లేపి, స్నానాలు చేయించి, తెల్లబట్టలు ఇస్త్రీ చేయించి, పూలకొట్టుకెళ్ళా. పెద్ద దండ కట్టమంటే టైం పడుద్దన్నాడు. పర్లేదు, బాగా కట్టు అన్నా. కట్టేదాకా అక్కడే స్టూలు మీద కూర్చున్నా. నువ్వు నిజమే చెప్పావు చెల్లెమ్మా. నేనక్కడ దండ కట్టించుకుంటంటే నాన్న ఇక్కడ నాకోసం చూస్తా ఉన్నాడు."

పిల్ల కంచం ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కోకుండానే వెళ్ళి వాళ్ళ మామయ్య పక్కన కూర్చుంది.